ప్రతిభ సరే, ఉద్యోగం సంగతేమిటి?

"ప్రతిభ ఉంటే ఎవరూ ఆపలేరమ్మా" అనే మాట మన సాహిత్య సభల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. చెప్పేవాళ్ళు పెద్దవాళ్ళు, ఆప్యాయంగానే చెప్తారు. రుజువుగా 'తొలి మహిళ'ల జాబితా కూడా ఒకటి చదువుతారు. ఆ జాబితాలోకి వచ్చే ఒకామె కథ విప్పి చూద్దాం.

ఎల్ఫ్రిడా ఆండ్రే 1841లో స్వీడన్‌లోని విస్బీలో పుట్టింది. 1857లో, పదహారేళ్ళకే, స్టాక్‌హోమ్‌లో ఆర్గనిస్టు పరీక్ష పాసయింది. ప్రతిభకి అంతకంటే రుజువేం కావాలి? అయినా చర్చిలో ఆర్గన్ వాయించే ఉద్యోగం ఆమెకివ్వడానికి చట్టం ఒప్పుకోదు. అక్కడ అప్పుడు చర్చి ప్రభుత్వ వ్యవస్థలో భాగం. ఆర్గనిస్టంటే జీతం, హోదా ఉన్న పదవి. ఆడవాళ్ళు పియానో నేర్చుకోవచ్చు, పిల్లలకి పాఠాలు చెప్పుకోవచ్చు. దానికి అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా సంగీతం పదవిగా మారినప్పుడే. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలన్న పౌలు మాట ఎటూ సిద్ధంగా ఉంది. వేళ్ళతో వాయించడం నోటితో మాట్లాడటం కిందికి ఎలా వస్తుందో ఆ పండితులకే తెలియాలి! మన దగ్గరా చాలాచోట్ల పాస్టరమ్మ క్వయర్‌కి పాటలు నేర్పితే, సండే స్కూలు నడిపితే దాన్ని 'సేవ' అంటారు. జీతం ప్రసక్తే రాదు.

తండ్రి అండతో ఆమె పట్టుబట్టి పోరాడితే 1861లో చట్టం మారింది. మరి ఈ మధ్య నాలుగేళ్ళూ ఆమె ప్రతిభ ఎక్కడికి పోయినట్టు? టెలిగ్రాఫ్ ఉద్యోగాల కోసం కూడా ఆమె అలాగే కొట్లాడింది. 1863లో ఆ చట్టమూ మారింది. 1867లో గోథెన్‌బర్గ్ కెథడ్రల్ ఆర్గనిస్టుగా చేరి, 1929లో చనిపోయేదాకా, అంటే అరవై రెండేళ్ళు అక్కడే ఉంది.

పదవి వచ్చాక కథ సుఖాంతమనుకునేరు. 1869లో స్టాక్‌హోమ్‌లో ఆమె మొదటి సింఫనీ ప్రదర్శించినప్పుడు, చివరి భాగంలో వయొలిన్లు ఒక బార్ వెనకబడి వాయించుకుంటూ పోయాయట. తండ్రీ కూతుళ్ళు మధ్యలోనే లేచి వచ్చేశారు. నిపుణులైన వాద్యకారులు ఒక భాగమంతా పొరపాటున తప్పు వాయిస్తారా? నేనైతే నమ్మను. సెల్మా లాగర్‌లాఫ్ రాసిన లిబ్రెటోకి ఆమె 'ఫ్రిత్యోఫ్స్ సాగా' ఒపెరా కూర్చి పోటీకి పంపింది. అది ఎంపిక కాలేదు. ఇద్దరు స్త్రీలు కలిసి చేసిన అంత పెద్ద పని గురించి లాగర్‌లాఫ్‌ని నోబెల్ కోసం చదువుకున్న మనలో ఎంతమందికి తెలుసు?

అయినా ఆమె ఆగలేదు. 1897 నుంచి గోథెన్‌బర్గ్‌లో సామాన్య జనం కోసం పెట్టిన కచేరీలు నడిపింది. అలా దాదాపు 800 కచేరీలు. 'తొలి మహిళ' అన్న బిరుదులో ఈ చాకిరీ ఎక్కడా కనపడదు. ఆ బిరుదు వల్ల ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఆమెకు ముందు అదే గుమ్మం దగ్గరనుంచి వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళ గురించి ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. డాక్టరు తండ్రి, ఉదారవాది తండ్రి అందరికీ ఉండడు కదా.

ఇక ఆ చర్చి సంగతి. ఆర్గన్ ముందు ఆడదాన్ని కూర్చోనిచ్చింది 1861లో. ప్రసంగ వేదిక ఎక్కే పాస్టరు పదవిని స్త్రీలకివ్వాలని నిర్ణయించింది 1958లో. మధ్యలో తొంభై ఏడేళ్ళు.