పోటు రేవులో, బొమ్మ గోడమీద

నాడు-నేడు పథకం పుణ్యమా అని ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో నల్లబల్ల పక్కకి పెద్ద టచ్ ప్యానెళ్ళు వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులూ వచ్చాయి. వాటి వెనకే ఓ నమ్మకం వచ్చి తిష్ఠ వేసింది: బొమ్మ చూపిస్తే చాలు, పాఠం బుర్రకెక్కేస్తుందని. లెక్కలకీ బొమ్మే, సైన్సుకీ బొమ్మే, సోషలుకీ బొమ్మే. నాకు మాత్రం ఇది మింగుడుపడటం లేదు.

మా నరసాపురంలోనే ఒక బడిలో సౌష్టవం పాఠం విన్నాను. తెరమీద మంచు రేకు తళతళలాడుతూ గిర్రున తిరుగుతోంది. పిల్లలు "అబ్బా" అన్నారు, గంట కొట్టారు, అయిపోయింది. మంచట, నరసాపురంలో! ఇక్కడ ఇంటి అరుగుమీద అమ్మ క్రోషియా సూదితో లేసు పువ్వు అల్లుతుంది. నడుమ మొదలెట్టి, కుట్లు లెక్కపెట్టుకుంటూ చుట్టూ పెంచుకుంటూ పోతుంది. ఒక్క కుట్టు తప్పితే పువ్వు వంకర తిరుగుతుంది. సౌష్టవం అంటే అదే కదా! ఈ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తరగతి గదిలో చోటే ఇంకా దక్కలేదు.

కనపడనివాటికి బొమ్మ కావాలనే వాదన ఉంది. నిజమే. గుండె గదులు, హిమాలయాలు ఇంకెలా చూపిస్తాం? కానీ 1658లో బొమ్మల పాఠ్యపుస్తకం వేసిన విద్యావేత్త కొమీనియస్ కూడా బొమ్మలోని ప్రతి వస్తువుకీ అంకె వేసి, కింద దాని పేరు పక్కన అదే అంకె వేశాడు. పిల్లవాడు రెండూ వెతికి కలుపుకోవాలి. మన తెర ముందు పిల్లలకి ఆ పనీ లేదు.

తెర పీకెయ్యమని కాదు, పిల్లలకి పని పెట్టమని. వరద లేని రోజుల్లో మా ఊరి వశిష్ఠ గోదావరి రేవులో పోటూ పాటూ బాగా తెలుస్తాయి. ఒకే చోట నిలబడి, గంటకోసారి రేవు మెట్లని ఫోనుతో ఫొటో తియ్యమనండి. వాటిని ప్యానెల్ మీద వరసగా పెట్టి, ఎన్ని మెట్లు మునిగాయో లెక్కపెట్టి గ్రాఫు గీయించండి. చూసింది తెలుగులో నాలుగు వాక్యాలు రాయించండి. వారం తిరిగాక అదే గంటకి మళ్ళీ తియ్యమనండి. పోయిన వారం మునిగిన మెట్లు ఇప్పుడెందుకు తేలాయని ఎవరో ఒకరు అడుగుతారు. చంద్రుడి బొమ్మ అప్పుడు చూపించండి.