కారాగార వైద్యుడు ఎవరికి బాధ్యుడు?

న్యాయస్థానము ఒక మనుష్యునకు శిక్ష విధించునపుడు అతని స్వేచ్ఛను హరించుచున్నదే కాని, ఆరోగ్యమును హరింపుమని ఎవ్వరికిని ఆజ్ఞ యిచ్చుట లేదు. మన జైళ్ళయందున్న ప్రతి నలుగురిలో ఇంచుమించు ముగ్గురు ఇంకను నేరము ఋజువుకాని విచారణ ఖైదీలే యగుటచేత ఈ మాట మఱింత గట్టిగ చెప్పవలసియున్నది. వెలుపలివాడు ఒక వైద్యునియందు నమ్మిక లేకున్న మఱియొకని యొద్దకు పోగలడు. లోపలివానికి ఆ వీలు లేదు గనుక వాని దేహరక్షణభారము సంపూర్ణముగ ప్రభుత్వమునదే.

1894 నాటి కారాగార చట్టము ఈ భారమును విస్మరింపలేదు. లోనికి వచ్చిన ఖైదీని సాధ్యమైనంత శీఘ్రముగ వైద్యపరీక్షకు గురిచేయవలెననియు, ప్రతి జైలునందును ఆసుపత్రియో, రోగులకు తగిన స్థలమో యుండవలెననియు అది శాసించినది. కాని ఆ చట్టమే తన 13వ సెక్షనునందు వైద్యాధికారిని సూపరింటెండెంటు అదుపునకు లోబఱచినది. అనర్థమునకు మూలమిచ్చటనే కలదని నా దృఢవిశ్వాసము. అర్ధరాత్రమున ఖైదీకి ఛాతీనొప్పి వచ్చి, పెద్దాసుపత్రికి తరలింపవలెనని వైద్యుడు వ్రాసినను, ఎస్కార్టు పోలీసులు దొరకువఱకు రోగి నిరీక్షింపవలసినదే. జైలు వైద్యులను నిందించుట నా యుద్దేశము కాదు; చాలీచాలని మందులతో, కిక్కిరిసిన బ్యారకుల నడుమ శ్రమించువారికి తమ వైద్యనిర్ణయమును నెగ్గించుకొను అధికారమే కావలెనని నా వాదము.

క్షయరోగము సంగతి చూడుడు. గాలి చొరని గదులలో, సాయంకాలము తాళము పడినది మొదలు తెల్లవాఱువఱకు పలువురు ఒక్కచోట పరుండునపుడు ఒక్కని దగ్గు అందఱకును ముప్పే. నెలల తరబడి మందు తినవలసిన ఆ రోగి బెయిలుపై విడుదలయగుటయో, వేఱొక జైలునకు మార్పబడుటయో జరిగి, చికిత్స వివరములు వెంట పోకున్నయెడల మందు ఆగిపోవును. అట్లు చికిత్స నడుమ ఆగుటచే మందులకు లొంగని క్షయ వాని గ్రామమునకు చేరవచ్చును.

వైద్యుని జైలు అదుపునుండి తప్పించుట క్రొత్త సంగతి కాదు. నార్వే 1988లోను, ఫ్రాన్సు 1994లోను కారాగార వైద్యమును ఆరోగ్యశాఖలకు అప్పగించినవి. ఇంగ్లండు 2006 నాటికి ఆ మార్పును పూర్తిచేసినది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన, ఖైదీలనుగూర్చిన మండేలా నియమములు, వైద్యనిర్ణయమును వైద్యేతర జైలుసిబ్బంది త్రోసిపుచ్చరాదని స్పష్టపఱచినవి. మన సుప్రీంకోర్టు సైతము 1996లో రామమూర్తి కేసున ఖైదీల ఆరోగ్యోపేక్షను ప్రధాన లోపములలో నొకటిగ నెంచినది.

అమలాపురమున జన్మించి, పోలియోచే చక్రముల కుర్చీకి పరిమితుడైన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా, నాగపూరు జైలునందు తనకు వైద్యము సరిగ నందుటలేదని పలుమాఱులు మొఱపెట్టుకొనెను. 2024 మార్చిలో ఆయన నిర్దోషియని తీర్పు వెలువడగా, ఆ అక్టోబరునందే హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో మరణించెను. అట్టి మొఱను, కోర్టుకెక్కకయే, జైలునకు బాధ్యుడు గాని వైద్యుడొకడు విచారించి తేల్చు ఏర్పాటు మనకుండవలదా?

కారాగారములును ప్రజారోగ్యమును రాజ్యాంగమున రాష్ట్రజాబితాలోనివే గనుక ఉభయ తెలుగు ప్రభుత్వములు ఢిల్లీవంక చూడనక్కఱలేదు. జైలు వైద్యులను పూర్తిగ వైద్య ఆరోగ్యశాఖకే బాధ్యులను గావింపుడు. వారు ఆసుపత్రికి పంపుమన్న రోగిని ఆపినయెడల, ఆపినవారు ఆనాడే జిల్లా న్యాయమూర్తికి కారణము వ్రాతపూర్వకముగ తెలుపవలెనని నిబంధన చేయుడు.