చినుకు పడకముందే డాబా ఎక్కండి

ఆవకాయ జాడీలు సర్దేశారా? వడియాలు డబ్బాల్లోకి చేరాయా? అయితే డాబా ఖాళీ అయినట్టే. మృగశిర కార్తె రాకముందే ఒక పూట దానికోసం కేటాయించండి. శ్లాబ్ కురిసేది వానల్లో అయినా, పాడయ్యేది ఎండల్లోనే. పగలు వేడికి సాగి, రాత్రి చల్లబడి ముడుచుకుని సన్నగా బీటలు తీస్తుంది. మే నెలలో వాటినెవరూ పట్టించుకోరు. జులైలో మంచం మీద చుక్కలు పడుతుంటే మేస్త్రి కోసం పరుగులు! తడిసిన శ్లాబ్ మీద అతను మాత్రం ఏం చేయగలడు?

పొద్దున్నే చీపురు, బకెట్టు తీసుకుని వెళ్ళండి. ముందు తూములు చూడాలి. ఎండుటాకులు, పావురాల ఈకలు, గాలిపటం ముక్కలు అన్నీ చేరేది అక్కడే. అవి తీసేసి రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరించండి. ఆగి ఆగి దిగుతుంటే పైపులో అడ్డుందన్నమాట. డాబా అంతా కడిగి అరగంటాగి చూస్తే నీళ్ళు ఎక్కడ నిలిచాయో తెలుస్తుంది. అక్కడ వాటం సరిగా లేదు. సుద్దముక్కతో గీత గీసి మేస్త్రికి చూపించండి.

బీటలు ఎక్కువగా పిట్టగోడ, శ్లాబ్ కలిసే చోట, నీళ్ళ ట్యాంకు దిమ్మ చుట్టూ కనిపిస్తాయి. పైపైన సిమెంటు పాలు పూసి చేతులు దులుపుకునే మేస్త్రిని ఒప్పుకోకండి. ఉలితో బీటను కాస్త వెడల్పు చేసి, దుమ్ము పోయేలా కడిగి, ఆ తర్వాతే నింపాలి. దానిమీద తడి గోనెసంచులు కప్పి వారం రోజులు ఆరిపోకుండా చూసుకునే పని ఎలాగూ మనదే! గోడలో రావిమొక్క మొలిస్తే తుంచి ఊరుకోకండి, మళ్ళీ చిగురిస్తుంది. వేరుతో సహా తీయించి కన్నం పూడ్పించాలి. రావి కదా అని జంకేవాళ్ళు ఆ మొక్కని గుడి దగ్గర నాటించండి.

ఎండ వేడి తగ్గడానికి తెల్లరంగు వేయిస్తున్నారు. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ విధానం కూడా తెచ్చారు. మంచిదే, కానీ బీటలు పూడ్చాకే రంగు.

కిందికి దిగాక సీలింగ్ చూడండి. అసలు భయం ఇక్కడుంది. తుప్పురంగు మరక కనిపించినా, పెచ్చు ఉబ్బినా లోపల చువ్వ తుప్పు పట్టిందని అనుమానించాలి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి సిమెంటును కిందికి నెట్టేస్తుంది. దూరంగా నిలబడి పొడుగు కర్రతో తట్టితే డొల్లగా మోగుతుంది. పిల్లల మంచం అక్కడినుంచి ఆ పూటే జరిపేయండి. పండక్కి సున్నం కొట్టించి మరక దాచేయడం చాలా ఇళ్ళలో చూస్తాం. మరక పోతుందేగానీ తుప్పు పోదు. ఫ్యాను కొక్కెం దగ్గర చెమ్మ ఉంటే మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అద్దె ఇల్లయితే ఫొటో తీసి ఇంటివాళ్ళకి ఇప్పుడే చూపించండి. వానల్లో అడిగితే "తగ్గాక చూద్దాంలెండి" అంటారు.

పెంకుటిల్లు వాళ్ళు మిట్టమధ్యాహ్నం తలుపులు మూసి పైకి చూస్తే చాలు. వెలుతురు చొరబడే చోటే నీళ్ళూ దిగుతాయి. కోతులు తిరిగే ఊళ్ళలో ఇది తప్పనిసరి. పెంకులు మాత్రం అలవాటున్న మనిషితోనే సర్దించండి.

నెల్లూరు వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. అక్కడివాళ్ళు దసరా సెలవుల్లో తూములు మరోసారి చూసుకోవాలి.