కోణాలు ఆఖర్న చూసుకుందామా?

“బండి పూర్తి కానీండి, ముందు చక్రాల అలైన్‌మెంటుదేముంది, షాపుకు తోలుకెళితే వాళ్లే సరిచేస్తారు.” పాత ఫోర్డులను హాట్ రాడ్లుగా మలచుకునే అమెరికా ఔత్సాహికుల నోట ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. సోమరితనానికి ఇదొక ముద్దుపేరు.

1932 ఫోర్డునే తీసుకోండి. ముందు ఒకే ఉక్కు ఇరుసు, దానిపై అడ్డంగా కమాను కట్ట, రెండు కొసలా కింగ్‌పిన్నులు. చక్రం పక్కకు వాలే క్యాంబర్ ఇరుసు తయారీలోనే ఉంది; ఇరుసును వంచితే తప్ప మారదు. చక్రాల ముందంచులు కాస్త లోపలికి తిరిగే టో-ఇన్‌ను టై రాడ్ తిప్పి, అంగుళంలో పదహారో వంతు నుంచి ఎనిమిదో వంతు దాకా, ఎవరైనా సర్దగలరు. ప్రాణమంతా మూడవదానిలో ఉంది. కింగ్‌పిన్ తల వెనక్కి వాలే కోణం, కాస్టర్. చేతులు వదిలి సైకిలు తొక్కిన ప్రతివాడికీ దాని మహిమ తెలుసు, పేరే తెలియదు. ఇలాంటి ఇరుసుకు సాధారణంగా 5 నుంచి 7 డిగ్రీలు కావాలి. విష్‌బోన్‌ను రెండుగా చీల్చి చట్రానికి బిగించేవారికి, బ్రాకెట్టు వెల్డు చేసిన క్షణానే ఆ లెక్క తేలిపోతుంది.

మనవాడేం చేస్తాడు? ఇంజనూ బాడీ లేని ఉత్త చట్రాన్ని సమతలంగా నిలిపి, 6 డిగ్రీలు కొలిచి, వెల్డు చేసి మురిసిపోతాడు. తర్వాత వెనక పెద్ద టైర్లు, ముందు వంగిన సోకు. ఆ బండి వీల్‌బేస్ 106 అంగుళాలు. వెనకకన్నా ముందు 4 అంగుళాలు దిగితే చట్రం రెండు డిగ్రీల పైచిలుకు వాలుతుంది, కాస్టర్‌లోంచి అంతా పోతుంది. మిగిలింది నాలుగు కూడా కాదు. బండి రోడ్డుపై అటూ ఇటూ తిరుగుతుంటే “పాత బండి కదా” అంటాడు. స్టీరింగ్ వణికితే డ్యాంపర్ తగిలిస్తాడు. పుండు మీద పట్టుగుడ్డ! అరిగిన కింగ్‌పిన్ కిందనే ఉంటుంది.

“హెయిర్‌పిన్ రాడ్లకు మరలున్నాయిగా?” ఉన్నాయి, కొంత సర్దవచ్చు. కానీ బయటికి తిప్పిన ప్రతి చుట్టూ లోపలి పట్టును తగ్గిస్తుంది. బ్రేకు వేసినప్పుడు ఇరుసును ఆపేది ఆ పట్టే. పైగా గొట్టపు ఇరుసైతే మెలిపడదు (ఐ-బీమ్ కాస్త మెలిపడి సర్దుకుంటుంది), ఒక చక్రం గతుకెక్కినప్పుడు ఆ బలమంతా బ్రాకెట్ల మీదే పడుతుంది.

అసలు టైర్లు, ఇంజను బరువు, చివరికి బండి నిలిచే ఎత్తు, ఇవన్నీ ఖాయమయ్యాకే బ్రాకెట్టుకు చుక్క వెల్డు వేసి, మళ్లీ కొలిచి, అప్పుడు పూర్తిగా అతకండి. లేదంటే ఆ షాపువాడు కిందికి దూరి, కాస్టర్ తిప్పే నట్టు కోసం వెతికి వెతికి, టై రాడ్ ఒక్కటే తిప్పి డబ్బు తీసుకుంటాడు, పాపం.