బెంచీ మీద చెయ్యి తిరగదు

పిచర్ శాండీ కోఫాక్స్ పేరెత్తితే బేస్‌బాల్ అభిమానులకు 1962-66 మధ్య అయిదేళ్లే గుర్తొస్తాయి: 111 గెలుపులు, 34 ఓటములు. మొదటి ఆరేళ్ల లెక్క వేరు. 1955-60లో 36 గెలిచాడు, 40 ఓడాడు. కుర్రాడికి గురి కుదరడానికి అంతకాలం పట్టిందని సరిపెట్టుకుంటారు. నన్నడిగితే, తప్పులో పెద్ద వాటా ఒక నిబంధనది.

1954 డిసెంబరులో బ్రూక్లిన్ డాడ్జర్స్ అతణ్ని తీసుకునేనాటికి 19 ఏళ్లు కూడా నిండలేదు. కాలేజీలో బాస్కెట్‌బాల్‌తో పాటు బేస్‌బాల్ ఆడిన అనుభవమే తప్ప పెద్దగా ఏమీ లేదు. బోనస్ మాత్రం 14,000 డాలర్లు. చిక్కంతా అక్కడే వచ్చింది. అప్పటి నిబంధన ప్రకారం, 4,000 డాలర్లు దాటి బోనస్ ఇస్తే ఆ కొత్తవాణ్ని రెండేళ్లు ప్రధాన జట్టులోనే ఉంచాలి, కింది స్థాయి మైనర్ లీగ్‌కు పంపకూడదు. డబ్బున్న జట్లు కుర్రాళ్లను ఎగరేసుకుపోకుండా పెట్టిన కట్టడి ఇది. ముకుతాడు యజమానులకు వేద్దామనుకుంటే పిల్లవాడికి పడింది. టైటిల్ కోసం పోరాడే జట్టు, గురి కుదరని కొత్తవాడి చేతికి బంతి ఎందుకిస్తుంది? 1955, 56 రెండేళ్లూ కలిపి అతడు వేసింది దాదాపు 100 ఇన్నింగ్స్. 1961లో ఒక్క ఏడాదే 255 దాటాడు.

హేమాహేమీల పక్కన కూర్చుని చూడటమూ చదువేగా అంటారు. బ్యాటింగ్ సంగతేమో గానీ, పిచింగ్ చూస్తే వచ్చేది కాదు. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి బంతిని ప్లేటు మీదుగా పంపాలి. నాలుగు బంతులు పక్కకు పోతే బ్యాటర్ తాపీగా మొదటి బేస్‌కు నడుస్తాడు, అదే వాక్. వేసి, తప్పి, మళ్లీ వేస్తేనే చెయ్యి తిరుగుతుంది. సత్తా లేక పక్కన పెట్టారా అంటే, 1955 ఆగస్టు 27న సిన్సినాటిపై 14 మందిని స్ట్రైకవుట్ చేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. ఆ ఏడాది గెలిచిన రెండు మ్యాచ్‌లూ ఒక్క పరుగూ ఇవ్వనివే. అయినా మళ్లీ బెంచీయే. తక్కువ వేయడం వల్ల చెయ్యి మన్నిందన్న వాదనా నిలవదు. 1965, 66లో ఏటా 320 ఇన్నింగ్స్ పైన వేయించారు. మోచేతి ఆర్థరైటిస్‌తో 30 ఏళ్లకే ఆట మానేశాడు.

ప్రతిభ ఉంటే ఎలాగైనా పైకొస్తుందన్నది అసలు అభ్యంతరం. కోఫాక్స్ వచ్చాడు నిజమే, కానీ వెంట్రుకవాసిలో. 1961 వసంతంలో ఓర్లాండోలో ఒక సన్నాహక మ్యాచ్‌లో వరసగా వాక్‌లు ఇచ్చి బేస్‌లు నింపేస్తే, క్యాచర్ నార్మ్ షెర్రీ దగ్గరికొచ్చి అంత బలంగా విసరొద్దని చెప్పాడు. ఆ మాట విన్నాకే గురి కుదిరింది. ఆరేళ్లు ఆలస్యంగా అందిన మాట అది. అసలు అప్పటిదాకా అతడు ఆటలో మిగలడమే అదృష్టం. 1960 సీజన్ ముగిసిన రోజున గ్లోవులూ బూట్లూ చెత్తబుట్టలో పడేసి వెళ్లిపోయాడు. వాటిని ఏరి, మరుసటి ఏడాదికి దాచిపెట్టింది క్లబ్‌హౌస్ చూసుకునే నోబే కవానో.