ఆ కేకలు తప్పేం కాదు

2012 మార్చిలో గోల్డెన్ స్టేట్ వారియర్స్ మాంటే ఎల్లిస్‌ని మిల్వాకీకి ఇచ్చేసి, చీలమండ విరిగి ఆడలేకపోతున్న ఆండ్రూ బోగట్‌ని తెచ్చుకుంది. వారం తిరక్కుండా ఓక్లండ్ జనం, మైకు పట్టుకున్న ఓనర్ జో లేకబ్‌ని 'బూ' అని అరుస్తూ సరిగ్గా మాట్లాడనివ్వలేదు. 2015లో టైటిల్ వచ్చింది కదా, వాళ్ళంతా మూర్ఖులని తేల్చేస్తున్నారు కొందరు.

ఎందుకండీ మూర్ఖులు? 2005 నుంచి ఎల్లిస్‌ని చూసి టిక్కెట్లు కొన్నది వాళ్ళు. ఆ ఏళ్ళలో ప్లేఆఫ్స్ చూసింది ఒక్క 2007లోనే. ఎల్లిస్ వెళ్ళాక బంతి స్టెఫెన్ కర్రీ చేతికొచ్చింది, లెక్క కుదిరింది, సరే. కానీ ఆ రోజు జనానికి కనిపించింది విరిగిన కాలు మాత్రమే. మేనేజరు మనల్ని 'రిసోర్స్' అంటే ఉడుక్కుంటాం కదా, మరి అభిమాని మాత్రం ఆటగాణ్ణి ఎక్సెల్ షీట్‌లో గడిలా చూడాలా? లాభనష్టాలు ఓనరు చూసుకుంటాడు. ఏడ్చే హక్కు అభిమానిది.