ఆ కప్ప మనది కాదండీ!

పగలు నేను ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రాత్రిళ్ళు శబ్దాలు తయారు చేస్తాను. శబ్దాలు తయారు చేయడమేమిటని నవ్వకండి. మా తణుకు ప్రాంతంలో కొందరు కుర్రాళ్ళు ఫోను కెమెరాలతో పది పదిహేను నిమిషాల చిన్న సినిమాలు తీస్తూ ఉంటారు. బొమ్మ వాళ్ళది, చప్పుడు నాది. దీనికి డబ్బేమీ రాదు. సినిమా చివర అక్షరాలు పైకి పాకేటప్పుడు నా పేరు రెండు సెకండ్లపాటు కనిపిస్తుంది. అప్పటికి జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు.

ఈ పని చేసేవాణ్ణి సౌండ్ డిజైనర్ అంటారు. 2009లో కేరళకు చెందిన రసూల్ పూకుట్టి ఆస్కార్ బహుమతి అందుకున్నాక, సినిమాల్లో చప్పుళ్ళ కోసం ప్రత్యేకంగా మనుషులు ఉంటారని మన దేశంలో చాలామందికి తెలిసింది. ఆయనకు అది వృత్తి. నాకు సరదా. మా ఇంట్లో మాత్రం సరదా అనరు, పిచ్చి అంటారు.

వాళ్ళ తప్పేమీ లేదు. నిశ్శబ్దం కావాలంటే రాత్రి ఒంటిగంట దాకా ఆగాలి. వీధిలో బళ్ళు ఆగాక ఫ్యాను ఆపాలి. తర్వాత ఫ్రిజ్ కట్టెయ్యాలి. మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకండుకు 50 ఆవర్తనాలు చేస్తుందని మీరు చదువుకున్నారు. ఒక్కొక్క ఆవర్తనంలో అయస్కాంతశక్తి రెండుసార్లు పెరిగి తగ్గుతుంది కనుక మోటారులోని ఇనుము సెకండుకు 100 సార్లు అదురుతుంది. ఆ 'గుంయ్' మనే మోత మన చెవులకు అలవాటైపోయి వినిపించదు. మైక్రోఫోనుకు అలాంటి అలవాట్లు లేవు. ఉన్నదంతా రాసేసుకుంటుంది. ఫ్రిజ్ కట్టేసి, మళ్ళీ వెయ్యడం మరిచిపోయి, రెండుసార్లు పాలు విరగ్గొట్టాక ఒక ఉపాయం నేర్చుకున్నాను. బండి తాళంచెవిని ఫ్రిజ్ లోపల పెడతాను. పొద్దున్నే బడికి వెళ్ళాలంటే దాని తలుపు తియ్యక తప్పదు గదా! (ఇది నా సొంత తెలివి కాదు, శబ్దం పట్టేవాళ్ళలో పాత కిటుకే.) ఆపైన గోడలనుంచి ధ్వని తిరిగిరాకుండా తలమీదుగా బొంత కప్పుకొని కూర్చుంటాను. మే నెలలో ఫ్యాను లేకుండా బొంతకింద కూర్చోవడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

నా పరికరాలన్నీ వంటింట్లోవే. రెండు కొబ్బరిచిప్పలను గచ్చుమీద బోర్లించి కొడితే గుర్రం నడుస్తుంది. ఇసుక పళ్ళెంలో కొడితే అదే గుర్రం ఏటి ఒడ్డున నడుస్తుంది. పచ్చి ములక్కాడ విరిస్తే ఎముక విరిగినట్టే. పాత గొడుగును టపటపా మూసి తెరిస్తే గబ్బిలం ఎగురుతుంది. తడి గోనెసంచిని తొట్టెలో వేసి తొక్కితే బురదలో నడక. అప్పడాలు వేగుతుంటే పక్కన ఫోను పెట్టి చూడండి, వాన! నూనెలో తేమ ఆవిరై వేలకొద్దీ చిన్న చిన్న బుడగలు ఒక క్రమం లేకుండా పేలుతూ ఉంటాయి. వానలోనూ వేలకొద్దీ చినుకులు ఒక క్రమం లేకుండా పడతాయి. చెవి ఒక్కొక్క చినుకునూ లెక్కపెట్టదు, గుంపు తీరునే పోల్చుకుంటుంది.

ఈ విద్యకు 'ఫోలీ' అని పేరు. అమెరికాలోని యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ పేరు మీద వచ్చింది. 1929లో విడుదలైన 'షో బోట్' చిత్రాన్ని మొదట మూకీగా తీశారు. ఈలోగా టాకీలు వచ్చిపడ్డాయి. సిద్ధంగా ఉన్న బొమ్మకు చప్పుళ్ళు అతికించవలసి వచ్చింది. ఫోలీ, అతని జట్టు తెరమీద బొమ్మ చూస్తూ, దానికి సరిగ్గా అడుగులు వేస్తూ, వస్తువులు మోగిస్తూ ఆ పని చేశారు. ఇప్పటికీ పద్ధతి అదే.

ఇక అసలు సంగతికి వస్తాను.

2022లో మా పాత శిష్యుడొకడు ఒక చిన్న సినిమా తీశాడు. ఆషాఢమాసం, రాత్రి, వాన వెలిసింది. తాతా మనవడూ చేనుగట్టుమీద కాపలా కూర్చుని మాట్లాడుకుంటారు. అంతే కథ. చేను అన్నాక కప్పలుండాలి. నాకు తీరిక లేదు, పరీక్ష పేపర్లు దిద్దాలి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే శబ్దాల కొట్టులో 'కప్పలు, రాత్రి' అని వెతికి, మొదట దొరికినదాన్ని తెచ్చి పెట్టేశాను. బ్రహ్మాండంగా కుదిరిందనుకున్నాం.

పక్క ఊరి హైస్కూల్లో ఆ సినిమా చూపించాం. అయిపోయాక, ప్రశ్నలుంటే అడగండర్రా అన్నాం. వెనక వరసలోంచి తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు లేచాడు. "మాస్టారండీ, ఆ కప్ప ఎక్కడిదండీ? మా చేలో కప్పలు అలా అరవవండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, "కప్ప కప్పేరా" అని కూర్చోబెట్టాను.

ఇంటికొచ్చి ఆ శబ్దం వివరాలు చూశాను. కాలిఫోర్నియాలో రికార్డు చేసినదట!

ఆ కప్ప కథ తర్వాత చదివాను. ఉత్తర అమెరికా పడమటి తీరంలో పసిఫిక్ చెట్టుకప్ప అని ఒక చిన్న కప్ప ఉంది. అది 'రిబిట్, రిబిట్' అన్నట్టు అరుస్తుంది. హాలీవుడ్ కూడా ఆ పడమటి తీరాన్నే ఉంది. స్టూడియోవాళ్ళకు కప్ప కావలసినప్పుడల్లా దగ్గరున్న దీన్నే రికార్డు చేసి, కథ ఏ ఖండంలో జరిగినా పెట్టేశారు. ప్రపంచంలో మిగిలిన కప్పల్లో చాలావాటికి ఆ కూత రానే రాదు. మన భాషనే చూడండి. మన పెద్దవాళ్ళు కప్ప 'బెకబెక' మంటుందన్నారు గాని 'రిబిట్' అన్నారా? మన చేలగట్లమీద కూర్చుని విన్నవాళ్ళు చేసిన మాట అది.

కప్ప ఒక్కటే కాదు. సినిమాల్లో బోడితల గద్ద కనిపించగానే వినిపించే ఆ భీకరమైన కేక దానిది కాదు, ఎర్రతోక డేగది. అసలు గద్దది పీలగొంతు, దర్జాగా ఉండదని మార్చారు. పాత టార్జాన్ చిత్రాల్లో ఆఫ్రికా అడవిలో కూసే పక్షి ఆస్ట్రేలియాకు చెందిన కూకాబరా. 1951లో రికార్డయిన ఒక మనిషి కేక వందలాది చిత్రాల్లో వాడబడింది. ఎంతమంది ఎన్ని మేడలమీదనుంచి పడినా అరిచేవాడు ఒక్కడే!

ఈ సంగతి చెప్పి, సినిమా తీసిన కుర్రాణ్ణి కప్పలు మారుద్దామన్నాను. వాడు ఒప్పుకోలేదు. "మాస్టారూ, కొబ్బరిచిప్పల్ని గుర్రమని నమ్మించేవారు మీరే. అప్పడాల్ని వాన అనేవారూ మీరే. కప్ప దగ్గరకొచ్చేసరికి సత్యహరిశ్చంద్రుడు అయిపోయారేమిటండీ?" అన్నాడు.

మంచి ప్రశ్నే. నేను రెండు రోజులు ఆలోచించాను. నాకు తోచినది ఇది. కొబ్బరిచిప్ప మోగించేవాడు ముందు గుర్రాన్ని విని ఉండాలి. డెక్క బోలుగా మోగుతుందనీ, నడకలో నాలుగు దెబ్బలు సమంగా పడతాయనీ, పరుగులో గుంపులుగా పడతాయనీ చెవికి తెలిస్తేగాని చిప్ప గుర్రం కాదు. ఆ అబద్ధం వెనక ఒక నిజం ఉంది. నేను తెచ్చిన కప్ప నిజమైన కప్పే, కాని నేను మా చేలో కప్పను ఏనాడూ శ్రద్ధగా వినలేదు. నిజం తెచ్చి అబద్ధం చెప్పానన్నమాట. ఆ కుర్రవాడు పట్టుకున్నది దాన్నే. నన్నడిగితే శబ్దం చేత్తో చేసినదైనా ఫర్వాలేదు, వినకుండా తెచ్చినదైతేనే తప్పు.

పెద్దవాళ్ళూ వినే మొదలుపెట్టారు. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' చిత్రానికి బెన్ బర్ట్ అనే ఆయన శబ్దాలు చేశాడు. అంతరిక్షంలో పేలే తుపాకి చప్పుడు ఏ కొట్లో దొరుకుతుంది? ఒక రేడియో స్తంభాన్ని నిలబెట్టడానికి లాగికట్టిన ఇనుపతాడును సుత్తితో కొట్టి ఆ చప్పుడు పట్టాడు. 'పియ్యూఁ' అంటూ కీచుగా మొదలై మందంగా ముగుస్తుంది. కారణం మీ పాఠంలోదే. బిరుసైన ఉక్కుతీగలో ఎక్కువ పౌనఃపున్యమున్న తరంగాలు తక్కువవాటికంటే వేగంగా ప్రయాణిస్తాయి. అన్నీ ఒకేసారి బయలుదేరినా కీచు ముందు చేరుతుంది, బొంగురు వెనక చేరుతుంది. గాలిలో అలా జరగదు. జరిగితే దూరంనుంచి వినే పాట ముక్కలు ముక్కలై పోయేది. మీ బళ్ళో స్లింకీ ఉంటే ఒక కొనకు కాగితం గ్లాసు తగిలించి, రెండో కొన వేలాడదీసి పెన్నుతో తట్టండి. స్టార్ వార్స్ తుపాకి మీ చేతిలోనే పేలుతుంది.

ఎంత నిజం పెట్టాలన్నదీ చిక్కే. ఒకసారి దూరంగా రేవులో బట్టలుతికే మనిషి దృశ్యం వచ్చింది. సుమారు 170 మీటర్ల దూరం. ధ్వని సెకండుకు 340 మీటర్లు పోతుంది, సినిమాలో సెకండుకు 24 బొమ్మలు. కనుక బట్ట బండను తాకిన 12 బొమ్మల తర్వాత చప్పుడు పెట్టాను. గట్టున నిలబడి చూస్తే అలాగే వినపడుతుంది గదా. చూసినవాళ్ళంతా "శబ్దం జారిపోయింది" అన్నారు. చేసేది లేక ముందుకు జరిపాను. మెరుపూ ఉరుమూ ఒక్కసారే వచ్చే సినిమాలు చూసి చూసి జనం చెవులు అలా తయారయ్యాయి. లొంగిపోయినందుకు ఇప్పటికీ నాకు చిన్నతనంగానే ఉంది.

కప్పల విషయంలో మాత్రం లొంగలేదు. మరుసటి ఏడు తొలకరి పడగానే ప్రశ్న అడిగిన కుర్రవాణ్ణీ, వాళ్ళ నాన్ననూ వెంటబెట్టుకుని చేలోకి వెళ్ళాను. (పెద్దవాళ్ళు లేకుండా రాత్రిపూట చేలల్లోకి వెళ్ళకండి, పాములు కూడా కప్పలకోసమే వస్తాయి.) మేం అడుగు పెట్టగానే కచేరీ మొత్తం ఆగిపోయింది. దీపం ఆర్పి పావుగంట కదలకుండా కూర్చుంటే ఒకటి మొదలుపెట్టింది, తర్వాత పది, ఆ తర్వాత లెక్కలేదు. బొంగురుగా అరిచేది బావురుకప్ప. తొలకరికి మగవి నిమ్మపండు రంగుకు మారతాయి, దవడకింద రెండు పక్కలా నీలం సంచులు ఉబ్బుతాయి. నోరు మూసుకునే అరుస్తుంది! ఊపిరితిత్తుల్లో గాలిని గొంతుమీదుగా ఆ సంచుల్లోకి తోస్తుంది. దాని సందుల్లోంచి అంగుళం పొడవైనా లేని చిన్నకప్పలు దువ్వెన పళ్ళమీద గోరు గీసినట్టు గరగరమంటాయి. వాటి వెనక కీచురాళ్ళు. ఎండ వేడిమి పెరిగితే కీచురాళ్ళ అరుపు జోరెక్కుతుంది. డోల్బేర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1897లోనే దీనికో లెక్క కట్టాడు. కాబట్టి డిసెంబరు రాత్రి పట్టిన కీచురాయిని మే నెల దృశ్యానికి పెడితే అదీ తప్పే.

గాలి దెబ్బకు మైకు మొరాయించింది. పాత సాక్సు తొడిగాం. రెండు రాత్రులు కూర్చుంటే పనికొచ్చినది నాలుగు నిమిషాలు. దానిలోనూ దూరంగా బోరు మోటారు మోత పడింది. తీసెయ్యమన్నాడు మా శిష్యుడు. ఉంచాను. ఆ చేలో రాత్రంటే కప్పలూ మోటారూ కలిసిన రాత్రి. ముప్ఫయ్యేళ్ళ తర్వాత కప్పలు తగ్గితే, మోటార్ల రకం మారితే, ఆ నాలుగు నిమిషాలు తప్ప సాక్ష్యం ఉండదు.

శబ్దాల నిల్వలంటే నాకు కోపమని అనుకోకండి. బి.బి.సి. సంస్థ 2018లో తన పాత శబ్దాలు 16,000కు పైగా చదువుకూ పరిశోధనకూ ఉచితంగా తెరిచిపెట్టింది. తిమింగలం కావాలంటే నేను అక్కడికే పోతాను, గోదావరిలో దొరకదు కనుక. కాని అలాంటి నిల్వల్లో మన ఊళ్ళు ఎంత ఉన్నాయి? రోకటిపోటు ఇప్పుడు ఎన్ని ఇళ్ళల్లో వినపడుతుంది? ఎద్దుబండి ఇరుసు కిర్రుమనడం మీలో ఎంతమంది విన్నారు? మగ్గం ఆడే ఊళ్ళు ఇంకా ఉన్నాయి, ఆ చప్పుడు ఎవరైనా పట్టారా?

ప్రతి ఏడూ సైన్సు ప్రదర్శనలో థర్మోకోల్ అగ్నిపర్వతాలు చూసి చూసి నాకు విసుగెత్తింది. మీ తరగతి మీ ఊరి శబ్దాలు పట్టకూడదా? ఒక ఫోను, ఒక సాక్సు, ఒక నోటు పుస్తకం చాలు. ప్రతి శబ్దానికీ తేదీ, వేళ, చోటు, వాతావరణం రాసిపెట్టండి. అవి రాయని శబ్దమే కదా నన్ను కాలిఫోర్నియా కప్పతో నవ్వులపాలు చేసింది. కాదు, రాసే ఉంది, నేనే చదవలేదు. శాస్త్రజ్ఞులు ఇవాళ అడవుల్లో రికార్డర్లు కట్టి, కూతలనుబట్టి ఏ పక్షులున్నాయో, ఏ కప్పలు తగ్గాయో తేలుస్తున్నారు. మీ నోటు పుస్తకం వాళ్ళకు కూడా పనికిరావచ్చు.

మొన్న తొలకరికి ఆ కుర్రవాడు (ఇప్పుడు కాలేజీలో చేరాడు) ఒక శబ్దం పంపాడు. వాళ్ళ పెరట్లో నీళ్ళతొట్టి పక్కన రాత్రి 11 గంటలకు పట్టాడట. మూడో నిమిషంలో 'టక్... టక్ టక్' మని ఎవరో చెక్కమీద చిన్న సుత్తితో కొట్టినట్టు వినిపిస్తుంది. మాటిమాటికీ వస్తుంది, మనిషి దగ్గితే ఆగుతుంది. వాడు కప్ప అంటాడు. నేను పురుగు అంటున్నాను. ఇంతవరకూ తేలలేదు. మీ పెరట్లో అలాంటిది వినిపిస్తే దీపం వేసి అది ఏమిటో చూసి, ఈ పత్రికకు రాయండి.